ద్విరుక్తి: విశేషణాలు, క్రియావిశేషణాలు, సర్వనామాలు, సంఖ్యావాచకాలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– నామవాచకాలు, క్రియలు కాని మాటలు తెలుగులో ఎలా జంటలవుతాయో వివరించగలుగుతారు;
– ఆ జంటలు తెచ్చే అర్థాలను ఒకదాని నుంచి మరొకటి వేరుచేసి చెప్పగలుగుతారు;
– ఉత్పాదకమైన ద్విరుక్తికీ, స్థిరపడిపోయిన రూపాలకూ తేడా గుర్తించగలుగుతారు;
– అనువాదంలో, కంప్యూటర్ ద్వారా జరిగే భాషా విశ్లేషణలో ద్విరుక్తి వల్ల వచ్చే చిక్కులను చెప్పగలుగుతారు.

2. ప్రవేశిక

కింది రెండు వాక్యాలు చూడండి.

(1) రేపటి సమావేశానికి ఎవరు వస్తున్నారు?
(2) రేపటి సమావేశానికి ఎవరెవరు వస్తున్నారు?

మొదటి ప్రశ్నకు ఒక్క పేరు చెప్పినా జవాబు పూర్తవుతుంది. రెండో ప్రశ్నకు ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే అడిగినవారు "ఇంకా?" అంటారు. రెండో ప్రశ్న ఒక జాబితాను కోరుతోంది. రెండు వాక్యాల్లోనూ కర్త, క్రియ, వచనం ఒకటే. తేడా అంతా 'ఎవరు' అనే మాటను రెండుసార్లు పలకడంలోనే ఉంది.

ఒక మాటను గానీ, మాటలో కొంత భాగాన్ని గానీ మళ్ళీ పలికి కొత్త అర్థాన్ని సాధించడమే ద్విరుక్తి. తెలుగులో నామవాచకాలు ('ఇంటింటికీ', 'ఊరూరా'), క్రియలు ('చూసి చూసి', 'నడుస్తూ నడుస్తూ') జంటలు కావడం మీకు తెలుసు. ఈ భాగంలో వాటిని పక్కన పెట్టి, మిగిలిన పదవర్గాలను మాత్రమే పరిశీలిద్దాం.

ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల్లో వినిపించే వాడుక భాష నుంచి తీసుకున్నాం. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, తమిళం, కన్నడం, బెంగాలీ, ఇంగ్లీషు ఇక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి. రెండోది, తెలుగు మాటల్ని యంత్రాలకు నేర్పే పని కూడా ఇక్కడ జరుగుతోంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. 1974లో స్థాపించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా ఆ దారిలోనే ఉంది. ఈ రెండు సంస్థల్లో జరిగిన పనిని 8వ విభాగంలో ప్రస్తావిస్తాం.

3. సంప్రదాయ వ్యాకరణం ఏం చెప్పింది?

ద్విరుక్తిని గమనించడం మనకు కొత్త కాదు. పాణిని అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం ద్విరుక్తి ప్రస్తావనతోనే మొదలవుతుంది. రెండుసార్లు పలికిన మాటలో రెండో రూపానికి ఆమ్రేడితం అని పేరు. ఒక గుంపులోని ఒక్కొక్కదానికీ విషయం వర్తిస్తుందని తెలిపే అర్థాన్ని వీప్స అంటారు. గుణవాచకాన్ని రెండుసార్లు పలికితే 'ఆ గుణం పూర్తిగా కాదు, కొంత ఉంది' అనే అర్థం వస్తుందని కూడా పాణిని అక్కడే గుర్తించాడు. ఈ మూడు అంశాలూ తెలుగును వివరించడానికి ఇప్పటికీ పనికొస్తాయి.

1858 నాటి బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి ఆమ్రేడితం వచ్చినప్పుడు జరిగే మార్పులను సంధి పరిచ్ఛేదంలో చెప్పాడు. 'మొదట' రెండుసార్లు వస్తే 'మొట్టమొదట' అవుతుంది. తొలి అచ్చు తరువాత ఉన్న అక్షరాలు పోయి, వాటి చోట 'ట్ట' వస్తుంది. 'చిట్టచివర', 'నట్టనడుమ', 'తుట్టతుద', 'కట్టకడ' ఇలాంటివే.

అయితే ఒక విషయం గమనించండి. ఈ 'ట్ట' పద్ధతిలో ఈనాడు మనం కొత్త మాటల్ని తయారుచేయలేం. 'కొత్త' నుంచి 'కొట్టకొత్త' రాదు, 'వెనక' నుంచి 'వెట్టవెనక' రాదు. ఉన్నవాటిని ఉన్నట్టుగా నేర్చుకోవలసిందే. 'కొత్తకొత్త', 'వెనకవెనకే' అని మాత్రం ఎవరైనా, ఎప్పుడైనా అనవచ్చు. కొత్త మాటలకు కూడా వర్తించే నియమాన్ని ఉత్పాదక నియమం అంటారు. 'మొట్టమొదట' స్థిరరూపం. 'కొత్తకొత్త' ఉత్పాదక నియమం వల్ల వచ్చిన రూపం.

ఒక నియమం ఉత్పాదకమా కాదా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. నిన్నమొన్న భాషలోకి వచ్చిన మాటలకు అది వర్తిస్తుందేమో చూడాలి. ఐటీ కంపెనీల క్యాంటీన్లలో 'కాస్ట్‌లీ కాస్ట్‌లీ ఫోన్లు', 'డిఫరెంట్ డిఫరెంట్ టీములు', 'ఫాస్ట్ ఫాస్ట్‌గా తినేసి' లాంటి మాటలు మామూలుగా వినిపిస్తాయి. విశేషణం ఇంగ్లీషుదే అయినా దాన్ని జంట చేసిన నియమం తెలుగుది. ఈ నియమం బతికే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

4. విశేషణాలు, క్రియావిశేషణాలు

విశేషణం జంట అయినప్పుడు ముఖ్యంగా మూడు అర్థాలు వస్తాయి.

(అ) బహుత్వం: 'పెద్ద పెద్ద భవనాలు', 'చిన్న చిన్న గదులు'. ఇక్కడ భవనాలు చాలా ఉన్నాయనీ, వాటిలో ప్రతిదీ పెద్దదేననీ అర్థం. అందుకే 'ఒక పెద్ద పెద్ద భవనం' అంటే చెవికి ఇంపుగా ఉండదు. విశేషణం జంట కావాలంటే దాని వెనకాల వచ్చే నామం బహువచనంలో ఉండాలని ఈ అర్థం కోరుతుంది.

(ఆ) ఆధిక్యం: 'వేడివేడి కాఫీ', 'తియ్యతియ్యని మాటలు'. కాఫీని లెక్కపెట్టం కాబట్టి ఇక్కడ బహుత్వానికి చోటు లేదు. గుణం గట్టిగా ఉందనీ, అది వినేవారికి నచ్చేదనీ ధ్వనిస్తుంది.

(ఇ) ఈషదర్థం, అంటే 'కొంచెం': 'అన్నం పచ్చిపచ్చిగా ఉంది' అంటే పూర్తిగా పచ్చిగా లేదు, సరిగా ఉడకలేదు అని అర్థం. 'తెలతెలవారుతుండగా' అంటే ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పాణిని గుర్తించిన అర్థం ఇదే.

ఒకే ప్రక్రియ 'ఎక్కువ' అనే అర్థాన్నీ, 'కొంచెం' అనే అర్థాన్నీ ఎలా ఇస్తుందని మీకు సందేహం రావచ్చు. ఏ అర్థం వస్తుందో గుణం స్వభావమూ, సందర్భమూ నిర్ణయిస్తాయి. వేడి కాఫీకి కోరదగిన గుణం, అందుకని 'వేడివేడి' అంటే ఆధిక్యం. పచ్చిదనం అన్నానికి ఉండకూడని గుణం, దాని ఛాయ కనిపించినా చెప్పాల్సిందే, అందుకని 'పచ్చిపచ్చి' అంటే ఈషదర్థం. ఇది అన్ని మాటలకూ అచ్చంగా సరిపోయే నియమం కాదు. 'పుల్లపుల్లగా ఉంది' అన్నప్పుడు మాట్లాడేవారి ముఖం చూస్తే గానీ అర్థం తేలదు.

అన్ని విశేషణాలూ జంటలు కావు. గుణం ఎక్కువ తక్కువలుగా ఉండగలిగితేనే జంట కుదురుతుంది. 'వార్షిక నివేదికలు' అంటాం గానీ 'వార్షిక వార్షిక నివేదికలు' అనం. నివేదిక వార్షికమైనా కావాలి, కాకపోనైనా కావాలి, మధ్యస్థితి లేదు. వర్గాన్ని మాత్రమే తెలిపే విశేషణాలు ద్విరుక్తికి లొంగవు.

క్రియావిశేషణాల్లో ప్రాతిపదిక రెండుసార్లు వచ్చి, '-గా' ప్రత్యయం సాధారణంగా చివర ఒక్కసారే వస్తుంది: 'మెల్లమెల్లగా', 'కొద్దికొద్దిగా', 'తొందరతొందరగా'. 'కొద్దిగా పెరిగింది' అంటే పెరుగుదల కొంచెం. 'కొద్దికొద్దిగా పెరిగింది' అంటే పెరుగుదల విడతలు విడతలుగా జరిగింది, మొత్తం మీద చాలానే పెరిగి ఉండవచ్చు. జీతం గురించి ఈ రెండు వాక్యాల్లో ఏది చెప్పారన్నది చిన్న విషయం కాదు!

'గబగబా', 'చకచకా', 'టకటకా' వంటి అనుకరణ పదాలు వీటికి భిన్నం. 'మెల్ల' విడిగా వాడుకలో ఉంది. 'గబ', 'చక' విడిగా వాక్యంలో నిలబడవు. వాటిలో జంట రూపమే అసలు రూపం.

5. సర్వనామాలు, స్థలకాల వాచకాలు

ప్రశ్నార్థక పదాలన్నీ దాదాపు జంటలవుతాయి: 'ఎవరెవరు', 'ఏమేమి', 'ఎక్కడెక్కడ', 'ఎన్నెన్ని', 'ఏయే'. వీటన్నిటి పని జాబితాను కోరడమే. 'ఏ పత్రం జతచేయాలి?' అనే ప్రశ్నకు ఒక పత్రం పేరు చాలు. 'ఏయే పత్రాలు జతచేయాలి?' అనే ప్రశ్నకు ఒక్కటి మరిచినా దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఇదే మాటకు 'ఓ' చేరితే ప్రశ్న పోయి సమృద్ధి మిగులుతుంది: 'ఎన్నెన్నో', 'ఎక్కడెక్కడి నుంచో'. 'ఎప్పుడెప్పుడా అని' అంటే కాలాల జాబితా కాదు, ఆత్రుత.

నిర్దేశక పదాల్లో 'ఆయా' ముఖ్యమైనది. 'ఆయా శాఖల అధిపతులు' అన్నప్పుడు ఏ శాఖకు ఆ శాఖ అధిపతి అని అర్థం. కార్యాలయ భాష ఈ మాట లేకుండా నడవదు. 'తమతమ స్థానాలకు' అన్నప్పుడు కూడా ఇదే వీప్సార్థం.

స్థలకాల వాచకాల్లో జంట అర్థం కొన్నిసార్లు మూలపదం నుంచి దూరంగా జరుగుతుంది. కింది పోలికలు చూడండి.

– అప్పుడు: ఆ సమయంలో. అప్పుడప్పుడు: తరచుగా కాకుండా, మధ్యమధ్య.
– అక్కడ: ఆ చోట. అక్కడక్కడ: చెదురుమదురుగా.
– ముందు: ఎదుట, లేదా మునుపు. ముందుముందు: రాబోయే కాలంలో.
– పైన: ఎగువన. పైపైన: లోతుకు పోకుండా.
– దగ్గర: సమీపంలో. దగ్గరదగ్గర: సుమారుగా.
– ఇప్పుడే: ఈ క్షణంలోనే. ఇప్పుడిప్పుడే: ఈమధ్యనే మొదలై ఇంకా సాగుతూ.

'ముందు' మునుపటి కాలాన్ని చెప్పగలదు, 'ముందుముందు' మాత్రం ఎప్పుడూ రాబోయే కాలాన్నే చెబుతుంది. ఇలాంటి జంటలను నిఘంటువు విడి ఆరోపాలుగా చూపాలి. 'చిన్నచిన్న'ను అలా చూపనక్కర్లేదు, దాని అర్థం నియమం నుంచే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(క) 'ఒక పెద్ద పెద్ద భవనం' ఎందుకు కుదరదు?
(చ) 'మొట్టమొదట', 'కొత్తకొత్త' – వీటిలో ఉత్పాదకమైనది ఏది? ఎలా చెప్పగలరు?

6. సంఖ్యావాచకాలు

'ఒక్కొక్కరు', 'ఇద్దరిద్దరు', 'రెండు రెండు' అనే రూపాల్లో సంఖ్య పంపకాన్ని సూచిస్తుంది. 'రెండేసి', 'పదేసి' అనే '-ఏసి' రూపాలు కూడా ఈ పనే చేస్తాయి. రాహుల్ బాలుసు అనే భాషాశాస్త్రవేత్త 2006లో తెలుగు సంఖ్యాద్విరుక్తి మీద ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ నిర్మాణానికి అంతర్జాతీయ అర్థవిచార చర్చల్లో చోటు కల్పించింది. అందులోని ముఖ్యాంశాన్ని మన ఉదాహరణతో చూద్దాం.

(3) కాపలాదారులు రెండు రెండు బ్యాగులు తనిఖీ చేశారు.

ఈ వాక్యానికి మూడు అర్థాలు చెప్పవచ్చు. ఒక్కొక్క కాపలాదారు రెండు బ్యాగులు చూశాడని ఒకటి. ఒక్కొక్క విడతలో రెండు బ్యాగులు చూశారని మరొకటి. ఒక్కొక్క గేటు దగ్గర రెండు బ్యాగులు చూశారని ఇంకొకటి. 'రెండు రెండు' అన్నప్పుడు పంపకం ఉందని తెలుస్తుంది, కానీ మనుషుల మీదా, విడతల మీదా, చోట్ల మీదా అన్నది సందర్భాన్ని బట్టే తేలుతుంది. కర్త ఒక్కడే అయితే మొదటి అర్థం పోతుంది. 'డ్రైవరు ఇద్దరిద్దరిని దించాడు' అంటే విడతకు ఇద్దర్నో, చోటుకు ఇద్దర్నో అనే అర్థాలే మిగులుతాయి.

ఇది వ్యాకరణ వినోదం మాత్రమే కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చిందనుకోండి. మందుల కవరు మీద 'పిల్లలకు రెండు మాత్రలు' అని ఉంటే మొత్తం రెండా, తలా రెండా తెలియదు. 'రెండేసి మాత్రలు' అని రాస్తే పంపకం ఉందని తెలిసింది, కానీ తలకు రెండా, పూటకు రెండా అన్నది ఇంకా తేలలేదు. 'ఒక్కొక్కరికి పూటకు రెండు మాత్రలు' అని రాస్తేనే సందేహం తీరుతుంది. మాటల్లో సందర్భం చేసే పనిని రాతలో మనమే చేయాలి. సూచనలు, ప్రకటనలు, తెరమీది సందేశాలు తెలుగులో రాసేవారు ఈ విషయం మరవకూడదు.

7. ఇతర భాషల్లో

హైటెక్ సిటీ పరిసరాల్లో మీ పక్కన కూర్చున్నవారి భాష ఏదైనా ఇలాంటి జంటలు వినిపిస్తాయి. దక్కనీలో 'జల్దీ జల్దీ', 'అలగ్ అలగ్', 'కౌన్ కౌన్'. తమిళంలో 'చిన్న చిన్న', 'యార్ యార్'. కన్నడంలో 'చిక్క చిక్క', 'యార్యారు'. బెంగాలీలో 'ఛోటో ఛోటో'. వీటిలో కొన్ని ద్రావిడ భాషలు, కొన్ని ఇండో-ఆర్య భాషలు. పుట్టుక వేరైనా, శతాబ్దాలుగా కలిసి బతకడం వల్ల భారతదేశపు భాషలు కొన్ని లక్షణాలను పంచుకుంటాయని ఎమెనో 1956లో ప్రతిపాదించాడు. భారతదేశాన్ని ఒక భాషామండలంగా చూపడానికి ద్విరుక్తి మంచి ఆధారమైంది. దక్షిణాసియా భాషల్లో ద్విరుక్తి గురించి అన్వితా అబ్బి 1992లో ఒక గ్రంథమే ప్రచురించారు.

మన దేశం దాటినా ఈ లక్షణం కనిపిస్తుంది. ఇండోనేషియా భాషలో 'బెసార్' అంటే పెద్ద. ఇళ్ళు చాలా ఉండి అన్నీ పెద్దవైతే 'బెసార్-బెసార్' అంటారు. ఇది అచ్చంగా మన 'పెద్ద పెద్ద'. జార్జియన్ భాషలో 'ఓరి' అంటే రెండు, 'ఓర్-ఓరి' అంటే రెండేసి. స్వాహిలీలో 'పోలెపోలె' అంటే మెల్లమెల్లగా. టర్కిష్‌లో 'యవాష్ యవాష్' అన్నా అంతే. అదే టర్కిష్‌లో 'బెయాజ్' అంటే తెల్లని, 'బెంబెయాజ్' అంటే తెల్లటి తెలుపు. మాట మొదటి భాగాన్ని మాత్రమే తీసుకుని ఒక హల్లును చేర్చే ఈ పద్ధతి మన 'మొట్టమొదట'ను గుర్తుకు తెస్తుంది. చైనీస్ భాషలో 'గావ్‌షింగ్' అంటే సంతోషం. దాన్ని జంట చేస్తే ఒక్కొక్క అక్షరమూ విడిగా రెండింతలై 'గావ్‌గావ్‌షింగ్‌షింగ్' అవుతుంది.

కార్ల్ రుబినో ప్రపంచ భాషల నిర్మాణ పటం కోసం 368 భాషలను పరిశీలించినప్పుడు, ఉత్పాదకమైన ద్విరుక్తి లేనివి 55 మాత్రమే తేలాయి. ఇంగ్లీషుతో సహా పశ్చిమ యూరప్ భాషలు ఎక్కువగా ఈ చిన్న గుంపులోనివే. మనకు బాగా పరిచయమైన విదేశీ భాష ఇంగ్లీషు కావడం వల్ల, ద్విరుక్తిని ఒక వింతగానో, పామరుల అలవాటుగానో భావించే ప్రమాదం ఉంది. లెక్క చూస్తే అది లేకపోవడమే అరుదు. మన దేశంలో మాట్లాడే ఇంగ్లీషులో 'హాట్ హాట్ కాఫీ' వినిపించడం కూడా ఇక్కడి నియమం ఇంగ్లీషుకు పాకడమే.

8. యంత్రానికి ఎలా చెప్పాలి?

మాటల్ని దిద్దే ప్రోగ్రాములు చాలావాటిలో, ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు వస్తే పొరపాటుగా గుర్తించే నియమం ఉంటుంది. ఇంగ్లీషు రాతకు ఆ నియమం సరిపోతుంది. తెలుగుకు దాన్ని అలాగే వర్తింపజేస్తే 'చిన్న చిన్న' కాస్తా 'చిన్న' అవుతుంది, బహుత్వం మాయమవుతుంది. మాటను రాతగా మార్చే ప్రోగ్రాములకు ఇంకో చిక్కు ఉంది. మాట్లాడేటప్పుడు మనం తడబడి కూడా ఒక మాటను రెండుసార్లు అంటాం. 'నేను... నేను రేపు వస్తాను' అన్నప్పుడు రెండో 'నేను' తీసేయవచ్చు. 'ఏయే' నుంచి ఒక 'ఏ' తీసేస్తే ప్రశ్నే మారిపోతుంది.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం భారతీయ భాషల పదవర్గాలను గుర్తించడానికి 2006లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిలో ద్విరుక్తికి 'ఆర్‌డీపీ' అనే గుర్తునూ, ప్రతిధ్వని పదాలకు 'ఈసీహెచ్' అనే గుర్తునూ ప్రత్యేకంగా కేటాయించారు. మొదటి మాటకు దాని పదవర్గం గుర్తు ఇచ్చి, రెండోదానికి ఆర్‌డీపీ అని గుర్తిస్తారు. మన వ్యాకర్తలు రెండో రూపానికి ఆమ్రేడితమని వేరే పేరు పెట్టడం ఇక్కడ గుర్తు చేసుకోండి. ప్రతిధ్వని పదం అంటే 'సీరియస్ గీరియస్ ఏం లేదు', 'అర్జెంటు గిర్జెంటు అనకు' వంటి వాటిలోని రెండో మాట. తొలి అక్షరం హ్రస్వమైతే 'గి', దీర్ఘమైతే 'గీ' వస్తుంది, అర్థం 'అలాంటివేవీ' అని.

ఈ గుర్తుల పద్ధతి రెండు మాటలూ విడిగా ఉన్నప్పుడు నేరుగా సరిపోతుంది. తెలుగులో మాత్రం సంధి అడ్డొస్తుంది. 'ఎవరెవరు', 'ఒక్కొక్క', 'ఎన్నెన్ని' ఒకే మాటగా రాస్తాం. 'చిన్నచిన్న'ను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు. అందువల్ల గుర్తులు పెట్టడానికి ముందే పదవిశ్లేషణ దశలో ఆ జంటను విడదీయాలి. తెలుగు పదవిశ్లేషణ మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా కృషి జరిగింది. భారతీయ భాషల మధ్య యంత్రానువాదం కోసం ట్రిపుల్ ఐటీ నాయకత్వంలో సాగిన 'సంపర్క్' పథకంలో ఆ విశ్వవిద్యాలయం భాగస్వామి. తెలుగు నుంచి హిందీకి అనువదించేటప్పుడు ద్విరుక్తిని చాలావరకు ద్విరుక్తిగానే ఉంచవచ్చు. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు మాత్రం బహుత్వమా, ఆధిక్యమా, ఈషదర్థమా, వీప్సా అని ముందు తేల్చుకుని, దానికి తగిన వేరే మాట వెతకాలి. ఆ తేల్చుకోవడమే అసలు పని. అది మనిషి చేసినా, యంత్రం చేసినా ఈ భాగంలో చూసిన ప్రశ్నలే వేసుకోవాలి.

9. సారాంశం

తెలుగులో విశేషణాలు, క్రియావిశేషణాలు, సర్వనామాలు, స్థలకాల వాచకాలు, సంఖ్యావాచకాలు ద్విరుక్తి పొందుతాయి. బహుత్వం, ఆధిక్యం, ఈషదర్థం, వీప్స వాటి ప్రధానార్థాలు. 'మొట్టమొదట' వంటివి స్థిరరూపాలు. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు విశేషణాలు కూడా జంటలు కావడం ద్విరుక్తి నియమం ఉత్పాదకమని చూపుతుంది. ప్రపంచ భాషల్లో ఎక్కువ వాటికి ఈ లక్షణం ఉంది. ద్విరుక్తిని పునరుక్తి దోషంగా భావించి తొలగిస్తే వాక్యార్థం దెబ్బతింటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1: జవాబులు
(క) బహుత్వార్థంలో విశేషణం జంట కావాలంటే నామం బహువచనంలో ఉండాలి.
(చ) 'కొత్తకొత్త'. ఆ నియమం కొత్త మాటలకూ వర్తిస్తుంది, 'ట్ట' నియమం వర్తించదు.

10. అభ్యాసం

(1) రాయదుర్గం నుంచి నాగోల్ వెళ్ళే మెట్రోలో గానీ, మీ ఊరి బస్సులో గానీ ఒక ప్రయాణంలో వినిపించిన ద్విరుక్తులను రాసుకోండి. వాటిలో నామవాచకాలనూ, క్రియలనూ తీసివేసి, మిగిలినవాటిని అర్థాన్ని బట్టి వర్గీకరించండి.
(2) మీ కార్యాలయంలోనో, ఆసుపత్రిలోనో, పాఠశాలలోనో గోడకు అంటించిన ఒక తెలుగు సూచన తీసుకోండి. అందులో 'ఒక్కొక్క', 'ఆయా', 'ఏయే', '-ఏసి' ఉండవలసిన చోట లేకపోతే చేర్చి, సందేహానికి తావులేకుండా తిరిగి రాయండి.
(3) 'ఇప్పుడే', 'ఇప్పుడిప్పుడే' అనే మాటల మధ్య అర్థభేదాన్ని నాలుగు సొంత వాక్యాలతో నిరూపించండి.